వ్యానుకు అడ్డుగ్రిల్లు: ఎక్కడ వేయవలెను, ఎట్లు బిగింపవలెను

సోలాపురమైనను, సేలమైనను, బరంపురమైనను, యానామైనను నేతపని ఉన్నచోట బండిపని తప్పదు. నూలు తెచ్చుట, పడుగు బీములను నేతగాండ్ర యిండ్లకు చేర్చుట, నేసిన చీరెలను డిపోకు తెచ్చుట మున్నగు పనులకు మన సంఘములు చిన్న మూసిన వ్యానులను వాడుచున్నవి. ఈ వ్యానులలో డ్రైవరు కూర్చుండు చోటును సరకు ఉండు చోటును ఒకే పెట్టెలో ఉండును. నడుమ గోడ లేదు. ఉన్నను పలుచని కమ్మీ తప్ప వేరులేదు.

వ్యాను కొన్న మరునాడే కార్యవర్గములో వచ్చు మాట ఒకటి కలదు: “ముందు ఇనుప గార్డు వేయింతము. గేదె అడ్డము వచ్చినను, మోటారు సైకిలు తగిలినను బండి చెడదు.” మా సంఘములోను ఈ మాట వచ్చినది. విచారించి చూడగా ముందు గార్డు వేయరాదనియు, గ్రిల్లు వేయవలసినచోటు డ్రైవరు వీపు వెనుకననియు తేలినది. ఆ విచారణయు, తరువాత మేము చేయించిన పనియు సాటి సంఘములకు ఉపయోగపడునని ఈ పాఠముగా వ్రాయుచున్నాము.

1. ముందు గార్డు ఏల కూడదు?

మొదటి కారణము చట్టము. 1988 మోటారు వాహనముల చట్టములో 52వ సెక్షను ప్రకారము బండిని తయారీదారు ఇచ్చిన రూపమునుండి ఇష్టము వచ్చినట్లు మార్చరాదు. ముందు తగిలించు క్రాష్ గార్డు, బుల్ బారు ఈ సెక్షనుకు విరుద్ధమని కేంద్ర రవాణా మంత్రిత్వ శాఖ 2017 డిసెంబరు 7న అన్ని రాష్ట్రములకు వ్రాసినది. అనుమతి లేని మార్పు చేసిన యజమానికి ఒక్కొక్క మార్పునకు 5,000 రూపాయల జుర్మానా గాని, ఆరు మాసములవరకు జైలు గాని, రెండును గాని విధించు నిబంధనను 2019 సవరణ చట్టము చేర్చినది. ఇది కేంద్ర చట్టము. కనుక మనము తమిళనాడులో ఉన్నను, కర్ణాటకలో ఉన్నను, ఒడిశా, మహారాష్ట్రలలో ఉన్నను, పుదుచ్చేరికి చెందిన యానాములో ఉన్నను ఒక్కటే.

రెండవ కారణము చట్టముకంటె ముఖ్యము. బండి ముందు భాగమును నలుగుటకే చేసినారు. ఢీకొన్నప్పుడు ఆ రేకు మెల్లగా నలుగుచు దెబ్బను తాను మ్రింగును. అందువలన మనిషికి తగులు అదురు తగ్గును. బలమైన ఇనుప గార్డును ఛాసీ కమ్ములకు నేరుగా బిగించినచో, నలుగవలసిన భాగము సరిగా నలుగదు. దెబ్బ కమ్ముల వెంట నేరుగా లోనికి వచ్చును. గాలిసంచి ఉన్న బండ్లలో దెబ్బను పసిగట్టు యంత్రము తప్పుగా పనిచేయు ప్రమాదము కూడ కలదు. ఇక ఎదుటివాని మాట చూడుడు. రోడ్డు దాటు ముసలివారికో, సైకిలుమీది పిల్లవానికో రేకు తగులుట వేరు, ఇనుప పైపు తగులుట వేరు.

బంపరు సొట్టపోయిన బాగుచేయింపవచ్చును. ఆ ఖర్చు తప్పించుకొనుటకై మనిషి ప్రాణమును పణము పెట్టరాదు. ఇదివరకే గార్డు వేయించిన సంఘములు దానిని విప్పించి, బోల్టులు తీసిన రంధ్రములకు రెడాక్సైడు పూసి మూయింపవలెను.

2. ఆపద వెనుకనుండి వచ్చును

క్రిందటి వానకాలములో మా వ్యానుకు ఒక ఆవు అడ్డువచ్చినది. డ్రైవరు గట్టిగా బ్రేకు త్రొక్కెను. ఆవుకు తగులకుండ బండి ఆగినది. కాని వెనుకనున్న పడుగు బీము జారివచ్చి, దాని ఇనుప ఇరుసు కుర్చీ వీపులోనికి గ్రుచ్చుకొన్నది. నాలుగు వ్రేళ్లు ఎడమకు వచ్చియుండిన ఆ అబ్బాయి వెన్నుపూసకే తగిలెడిది. ముందు గార్డు ఉన్నను ఆనాడు దానికి పని లేదు. బండి దేనికిని తగులలేదు గదా!

దీని లెక్క కష్టమైనది కాదు. బండి ఆగినను సరకు ఆగదు. తాను పోవుచున్న వేగముతోనే ముందుకు పోజూచును. పొడి రోడ్డుమీద గట్టి బ్రేకు వేసినప్పుడు సరకు తన బరువులో పదింట ఎనిమిది వంతుల బలముతో ముందుకు త్రోయునని ఎంచి కట్టుకొనవలెను. కొయ్యకు ఇనుప నేలకు ఉన్న రాపిడి అందులో మూడు వంతులు ఆపుననుకొన్నను, ఐదు వంతులు మిగులును. అనగా 300 కిలోల సరకు 150 కిలోల బలముతో డ్రైవరు వీపుమీదికి వచ్చును.

ఢీకొన్నప్పటి లెక్క వేరు. గంటకు 40 కిలోమీటర్ల వేగముతో పోవు బండి ముందు భాగము నలుగుచు 60 సెంటీమీటర్లలో ఆగినదనుకొందము. అప్పుడు ప్రతి వస్తువును తన బరువుకు సుమారు పది రెట్ల బలముతో ముందుకు పడును. 25 కిలోల బీము 250 కిలోలవలె తాకును. 300 కిలోల సరకు 3 టన్నులవలె తాకును. వేగము 60 అయినచో ఆ దెబ్బ రెండుంబావు రెట్లగును. కాబట్టి గ్రిల్లు ఒక్కటే చాలదు. గ్రిల్లు, కట్టు పట్టీలు, సరకు పేర్చు విధము ఈ మూడును కలిసి పనిచేయవలెను.

3. మన సరకు గుణము

కిరాణా సరకు వేరు, మన సరకు వేరు. చిలప నూలు కట్టలు మెత్తనివి, త్రోసినను అణగును. చీరెల మూటలు కూడ అంతే. జకార్డు పెట్టెలు బరువు, మూలలు పదును. అన్నిటికంటె చెడ్డది పడుగు బీము. 48 అంగుళముల చీరె వెడల్పునకు చుట్టిన బీము, అంచు బిళ్లలతోను ఇరుసుతోను కలిసి చిన్న వ్యాను లోపలి వెడల్పును మించిపోవును. అడ్డముగా పట్టదు. కనుక అందరును దానిని పొడుగుగా, కొన డ్రైవరువైపు పెట్టి పడుకోబెట్టుదురు. అప్పుడది బల్లెమువంటిది.

బజారులో దొరకు 50 మి.మీ. గళ్ల జాలీని మాత్రమే వేసినచో 25 మి.మీ. ఇరుసు ఆ గడిలోనుండి దూరి వచ్చును. జాలీ ఉన్నదను ధైర్యము మిగులునే గాని రక్షణ ఉండదు. అందుచేత గ్రిల్లు క్రింది భాగమున జాలీ కాక రేకు ఉండవలెను.

4. కొలతలు, సామాను

మా వ్యాను లోపల వెడల్పు 1.3 మీటర్లు, గ్రిల్లు ఎత్తు 1.1 మీటర్లు. మీ బండి కొలతలు వేరుగా ఉండును. అట్టను కోసి లోపల నిలిపి చూచి, ఆ అట్టనే వెల్డరుకు ఇచ్చుట మేలు. కుర్చీని పూర్తిగా వెనుకకు జరిపి, వాల్చి, దానికిని గ్రిల్లునకును 5 సెంటీమీటర్లకు తగ్గని ఎడము ఉంచవలెను. వెనుకనుండి మరొక బండి కొట్టినప్పుడు కుర్చీ వెనుకకు వంగును. ఎడము లేనిచో తల ఇనుమునకు తగులును.

కావలసినవి:

చట్రమునకు 25 మి.మీ. చదరపు పైపు, 2 మి.మీ. మందము. నాలుగు వైపులకు, నడుమ రెండు నిలువు కమ్ములకు, క్రిందినుండి 40 సెంటీమీటర్ల ఎత్తున ఒక అడ్డకమ్మికి కలిపి 8.3 మీటర్లు పట్టును. రెండు లాగుడు కమ్ములకు మరి 2.3 మీటర్లు. ఇరవై అడుగుల పైపులు రెండు చాలును.

క్రింది 40 సెంటీమీటర్లకు 2 మి.మీ. రేకు. దాని వెనుక, అనగా సరకువైపు, 12 మి.మీ. ప్లైవుడ్డు.

పైభాగమునకు 4 మి.మీ. కమ్మితో అతికిన 50 మి.మీ. గళ్ల జాలీ. డ్రైవరుకు వెనుక అద్దములోనుండి చూపు మరుగుపడకుండుటకు పైన జాలీయే ఉండవలెను.

పాదపు బిళ్లలు 9: ఒక్కొక్కటి 75 మి.మీ. చదరము, 5 మి.మీ. మందము. అడుగు బిళ్లలు 9: అంతే చదరము, 4 మి.మీ. మందము.

10 మి.మీ. బోల్టులు, తలమీద 8.8 అని అచ్చుపడినవి. నైలాను చుట్టు ఉన్న నట్టులు.

ఇదంతయు కలిసి సుమారు 35 కిలోలు తూగును. ఈ బరువును బండి మోయగల సరకు బరువులోనుండి తీసివేసి లెక్క వేసికొనవలెను.

5. బలము బోల్టులో లేదు, బిళ్లలో ఉన్నది

ఈ పాఠములో ముఖ్యమైన సంగతి ఇదియే. చాలమంది గ్రిల్లును లావుగా చేయించి, చిన్న వాషరుతో నేలరేకుకు బిగించి ఊరకుందురు. 10 మి.మీ. 8.8 బోల్టు తెగవలెనన్న నాలుగు టన్నులకు పైబడిన లాగుడు కావలెను. అది తెగదు. కాని వ్యాను రేకు ఒక మిల్లీమీటరు కూడ లేదు. బోల్టు చెక్కుచెదరకుండగనే రేకు చిరిగి గ్రిల్లు ఊడివచ్చును.

నేతవారికి దీనిని విడమరచి చెప్పనక్కరలేదు. గుడ్డను ఒక్క మేకుకు తగిలించి లాగిన అక్కడనే చినుగును. అంచు పొడుగున కర్రకు చుట్టి లాగిన చినుగదు. లాగుడు ఒక్కచోట పడక పరచుకొనుటయే కారణము. నేలరేకు క్రింద పెట్టు అడుగు బిళ్ల ఆ కర్ర చేయు పనినే చేయును. వీలైనచోట బోల్టును నేలక్రింది అడ్డుదూలము మీదుగా పోనిచ్చిన ఇంకను మేలు.

బిళ్లల మూలలను ఆకురాయితో గుండ్రముగా అరుగదీయవలెను. పదును మూల రేకును కోయును. పైపును నేరుగా బోల్టుతో బిగింపరాదు. బోలుపైపు నొక్కుకొని పోయి బిగువు సడలును. చట్రమునకు పాదపు బిళ్లలను వెల్డు చేసి, ఆ బిళ్లలకే బోల్టులు వేయవలెను.

తొమ్మిది పాదములు ఎక్కడెక్కడ అనగా: నేలమీద మూడు, రెండు ప్రక్కల తలుపు వెనుక స్తంభములకు రెండేసి, లాగుడు కమ్ముల కొనలకు రెండు. కుర్చీ పట్టీ బిగించిన బోల్టులను మాత్రము ఇందుకు వాడరాదు, విప్పరాదు.

6. ఊతము ఏవైపున?

గ్రిల్లు పైభాగము ముందుకు వంగకుండ ఊతము కావలెను. ముందునుండి ఆనించు కమ్మి డ్రైవరు చోటును ఆక్రమించును; పైగా బలముగా నొక్కినప్పుడు వంగిపోవును. వెనుకనుండి లాగిపట్టు కమ్మి వంగదు. నూలుపోగు సంగతి తలచుకొనుడు. లాగుటకు అది ఎంత ఓర్చును, త్రోయుటకు ఏమి పనికివచ్చును? సన్నని ఇనుపకమ్మియు కొంతవరకు అట్టిదే.

కనుక గ్రిల్లు రెండు ప్రక్కల 90 సెంటీమీటర్ల ఎత్తునుండి, ప్రక్కగోడల వెంబడి, వెనుకనున్న నేలకు 70 సెంటీమీటర్ల దూరమున రెండు వాలుకమ్ములు దింపవలెను. ఇవి గోడకు ఒదిగియుండుటచేత సరకు చోటు తగ్గదు. ప్రక్క తలుపు తెరచు దారికి అడ్డము వచ్చినచో ఆ వైపు కమ్మిని కొంచెము నిలువుగా దింపవచ్చును గాని బొత్తిగా మానరాదు.

7. పని జరుగునప్పుడు

చట్రమును బయట వెల్డు చేసి, రంగువేసి, తరువాత లోనికి ఎక్కింపవలెను. బండిలోపల వెల్డింగు పెట్టరాదు. గ్యాసు సిలిండరుతో నడచు బండియైనచో ఈ మాట మరింత గట్టిగా పాటింపవలెను. సిలిండరు మూతకు చేయి అందు దారిని గ్రిల్లు గాని కమ్ములు గాని మూయరాదు.

రంధ్రము వేయుటకు ముందు బండి క్రింద పడుకొని చూడవలెను. పెట్రోలు తొట్టి, దాని గొట్టము, బ్రేకు గొట్టములు, తీగలు ఎక్కడ పోవుచున్నవో సుద్దతో గుర్తుపెట్టవలెను. బ్యాటరీ తీగ విప్పవలెను. రంధ్రపు అంచులకు వెంటనే రెడాక్సైడు పూయవలెను. యానాము, బరంపురమువంటి చోట్ల సముద్రపుగాలికి రేకు త్వరగా త్రుప్పుపట్టును గనుక అడుగు బిళ్లలకు రెండు పూతలు వేయుట మంచిది. గ్రిల్లునకు బండిరేకుకు నడుమ రబ్బరు ముక్క పెట్టిన మ్రోత ఉండదు. డ్రైవరు తలవైపు పైపులకు మెత్తని స్పంజి చుట్టి గుడ్డ కుట్టవలెను. ఆ కుట్టుపని మన యిండ్లలోనే జరుగును.

పని మొదలుపెట్టకముందే గీసిన పటము తీసికొని మీ ఊరి ఆర్.టి.ఓ. కార్యాలయమున వ్రాతమూలముగా అడుగవలెను. బండి అమ్మిన వారిని, బీమా కంపెనీని కూడ అడిగి జవాబులను ఫైలులో ఉంచవలెను. తయారీదారే అట్టి గ్రిల్లును అమ్ముచున్నచో దానినే కొనుట సులభము. అప్పుడు క్రింది రేకు, ప్లైవుడ్డు, పట్టీల సంగతి మాత్రము చూచుకొనిన చాలును.

8. సరకు పేర్చుట

గ్రిల్లు వేసితిమి గదాయని సరకును ఇష్టము వచ్చినట్లు పడవేసిన ప్రయోజనము లేదు. ఈ క్రమము పాటింపవలెను.

గ్రిల్లుకు సరకుకు నడుమ ఖాళీ ఉండరాదు. ఖాళీ ఉన్నంత మేర సరకు పరుగెత్తి వచ్చి కొట్టును. ఆనియున్న సరకు నెట్టును గాని కొట్టదు.

చిలప నూలు కట్టలను ముందు వరుసలో గ్రిల్లును ఆనించి పెట్టవలెను. వాని వెనుక ఒక పలక నిలుపవలెను. బీములను ఆ పలకకు ఆనించి నేలమీద పడుకోబెట్టవలెను. ఇరుసు కొనలకు గోనెగుడ్డ చుట్టవలెను. నూలు లేని రోజున బీములు నేరుగా ప్లైవుడ్డుకు ఆనవలెను. బీముమీద బీము దొంతరగా పెట్టినచో రెంటిని కలిపి కట్టవలెను.

బరువైన జకార్డు పెట్టెలు క్రింద, చీరెల మూటలు పైన. ఏదియు గ్రిల్లు ఎత్తును మించరాదు.

బీములను నేలమీది కొక్కెములకు బిగింపు పట్టీలతో కట్టవలెను. ఆ కొక్కెములకు కూడ అడుగు బిళ్లలు ఉండవలెను. పట్టీమీద కుట్టిన చీటీలో అది ఎంత బలమునకు ఓర్చునో వ్రాసియుండును. చీటీ లేని పట్టీ కొనరాదు. నూలుతాడు, ప్లాస్టికుతాడు ఈ పనికి పనికిరావు. అవి సాగును, ముడి జారును.

బీము పట్టలేదని వెనుక తలుపు తెరచి బయటకు చాపి తీసికొని పోరాదు. సరకుచోట మనుషులను ఎక్కింపరాదు. పండుగలకు, పెండ్లిండ్లకు సంఘపు వ్యానులో వెనుక కూర్చుండు అలవాటు కొన్నిచోట్ల కలదు. గ్రిల్లు వెనుకనున్న మనిషికి గ్రిల్లే శత్రువగును.

9. పరీక్ష, తనిఖీ

బిగింపు ముగిసిన తరువాత ప్రతి నట్టుమీదను బిళ్లమీదను కలిసివచ్చునట్లు రంగుతో ఒక గీత గీయవలెను. నట్టు సడలిన గీత విడిపోవును. చదువురాని వారును చూచి చెప్పగలరు. తరువాత ఖాళీ మైదానములో నూలు కట్టలు మాత్రము ఎక్కించి, గంటకు 20 కిలోమీటర్ల వేగమున బ్రేకు వేసి చూడవలెను. మ్రోత గాని, కదలిక గాని ఉన్నచో కారణము కనుగొనక సరకు ఎక్కింపరాదు.

మొదటి వారము ప్రతిదినము, తరువాత నెలకొకసారి ఈ క్రిందివి చూడవలెను: గీతలు కలిసియున్నవా, వెల్డింగు అతుకులలో బీట కలదా, అడుగు బిళ్లల చుట్టు రేకు ఉబ్బినదా, త్రుప్పు పట్టినదా, పట్టీల అంచు పీచులు లేచినవా, ప్లైవుడ్డుమీద ఇరుసు గుంటలు లోతైనవా. చూచిన తేదీని డ్రైవరును కార్యదర్శియు సంతకము చేసి పుస్తకములో వ్రాయవలెను. ఒకమారు గట్టిగా ఢీకొన్న గ్రిల్లును, పైకి బాగుగా కనబడినను, విప్పి చూడక మరల వాడరాదు.

10. కార్యవర్గములకు విన్నపము

ఖర్చు ఊరినిబట్టి మారును. ఇద్దరు ముగ్గురు వెల్డర్లయొద్ద ధరలు వ్రాయించి తీసికొనవలెను. ధర అడుగునప్పుడు పైపు మందము, రేకు మందము, బోల్టు గుర్తు, అడుగు బిళ్లల సంఖ్య కాగితముమీద పెట్టవలెను. లేనిచో తక్కువ ధర చెప్పినవాడు మొదట తగ్గించునది కంటికి కనబడని అడుగు బిళ్లలనే.

మన వ్యానులు నడుపువారు పరాయివారు కారు. మగ్గముమీద కూలి చాలక స్టీరింగు పట్టిన నేత కుటుంబముల పిల్లలే చాలమంది. ముందు గార్డునకు పెట్టదలచిన సొమ్మును కుర్చీ వెనుకకు మరలింపుడని కోరుచున్నాము. మీ బండి కొలతలకు ఈ పద్ధతిని మార్చి చేయించినవారు పటముతోసహా పత్రికకు వ్రాసిన, రాబోవు సంచికలలో అందరికిని అందజేయుదుము.